పడవాటలో తప్పు ఎవరిది

మా ఊళ్ళో ఆ ఆటకి పేరు లేదు. మా పెద్దనాన్నగారింట్లో ఉన్న పసుపు క్యాసెట్‌లో బోలెడన్ని ఆటలు కుక్కి ఉండేవి. ఆ దొంగ కాపీలు చేసేవాళ్ళు మొదటి తెర మీద ఉండే ఆట పేరూ, కంపెనీ పేరూ శుభ్రంగా తుడిచేసి అమ్మేవాళ్ళు. అందుకని పేర్లు మేమే పెట్టుకున్నాం. వరద నదిలో ఒక ముసలాయన పడవ వేసుకుని మనుషుల్ని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి చేరవేసే ఆటని పడవాట అనేవాళ్ళం. అన్నయ్యలు రిమోట్ నా చేతికిచ్చేవాళ్ళు కాదు. వాళ్ళు క్రికెట్‌కి పోయాక నేను ఆడుకునేదాన్ని, వాళ్ళకంటే బాగా ఆడేదాన్ని కూడా. ఈ సంగతి వాళ్ళు ఇప్పటికీ ఒప్పుకోరు.

మళ్ళీ ఆ పడవని నేను చూసింది వెల్లింగ్టన్‌లో. అప్పటికి రెండు వేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయింది. మా ఆయనకీ నాకూ ఇద్దరికీ ఐటీ పనే. నేను ఒక ప్రభుత్వ శాఖలో కాంట్రాక్టు మీద టెస్టర్‌ని. అంటే ఇంకొకరు కట్టినదాన్ని ఎక్కడ పడితే అక్కడ తన్ని చూసి, ఎక్కడ విరుగుతుందో రాసిపెట్టడం నా ఉద్యోగం. ఒక శనివారం బస్సు దిగగానే గాలికి గొడుగు తిరగబడి ఊచలు ఊడిపోయాయి. తలదాచుకోవడానికి ఎదురుగా ఉన్న ఆప్ షాప్‌లో దూరాను. జనం దానమిచ్చిన పాత సామాన్లు అమ్మే కొట్టది. కప్పులూ, ఊలు స్వెట్టర్లూ, వాటి పక్కన ఒక అట్టపెట్టెలో పాత జపాన్ గేమ్ మెషీను, నాలుగైదు క్యాసెట్లు. ఒకదాని మీద పడవ బొమ్మ ఉంది. పెట్టె మొత్తం చంకలో పెట్టుకుని వానలోనే ఇంటికి నడిచాను.

ఇది అసలు క్యాసెట్టు. తుడిచేసింది కాదు. ఇన్నాళ్ళకి ఈ ఆట ఎవరు చేశారో చూస్తానని రెండు వారాంతాలు కూర్చుని చివరి దాకా ఆడాను. ముసలాయన పడవ దిగాడు, ఊరివాళ్ళు చేతులూపారు, పేర్లు వచ్చాయి. కప్ప. నిద్రమొహం. ముల్లంగి. అంతే. మనుషుల పేర్లు కావవి, మారుపేర్లు. ఆ రోజుల్లో జపాన్ కంపెనీలు చాలావరకు ఇదే పని చేసేవని తర్వాత తెలిసింది. అసలు పేర్లు వేస్తే పోటీ కంపెనీలు మంచి పనివాళ్ళని ఎగరేసుకుపోతాయని వాళ్ళ భయం. వినడానికి బాగానే ఉంది గానీ నాకు ఒళ్ళు మండింది. దొంగ కాపీలవాళ్ళు పేరు తుడిచేశారంటే దొంగలు కదా అనుకోవచ్చు, సొంత కంపెనీయే తుడిచేస్తే ఏమనుకోవాలి?

పాత ఆటల్ని ఎవరు చేశారో ఆరా తీసే వెబ్‌సైటు ఒకటుండేది. రకరకాల దేశాల వాళ్ళు అక్కడ చేరి ఒక్కో ఆటకి ఒక్కో పేజీ కట్టేవాళ్ళు. పడవాట పేజీలో ప్రోగ్రామర్ అన్నచోట ఒక పెద్దమనిషి పేరుంది. జపాన్‌లో ఆయన చాలా ప్రసిద్ధుడు. ఏదో పత్రికతో మాట్లాడుతూ ‘నా పడవ’ అన్నాడట, ఆ ఒక్క ముక్క పట్టుకుని పేరు వేసేశారు. ఆయన పేరు ఇక్కడ నేను రాయను. ఒక్కసారి ఆయనకి కూడా ఆ రుచి తెలియాలి.

నేను టెస్టర్‌ని కాబట్టి పడవాటని ఊరికే ఆడలేదు, తన్ని చూశాను. పడవ కుడి ఒడ్డుని తాకుతున్నప్పుడు ఆట ఆపి, మళ్ళీ మొదలుపెడితే, పడవ వెనక్కి తిరిగిపోతుంది. ముసలాయన అటు చూస్తూ ఇటు తెడ్డు వేస్తాడు. చిన్నప్పుడు అన్నయ్యలు దాన్ని దయ్యం పట్టడం అనేవాళ్ళు. ఆట ఆగినప్పుడు బొమ్మ ఏ వైపు చూస్తోందో గుర్తుపెట్టుకోవడం ప్రోగ్రామర్ మర్చిపోయాడన్నమాట. సరే, ఎవరికైనా జరుగుతుంది. అయితే అదే అట్టపెట్టెలో ఇంకో క్యాసెట్ ఉంది. నిచ్చెన ఎక్కి పళ్ళు కోసే నక్క ఆట. వేరే కంపెనీది. నక్క నిచ్చెన మీదుండగా ఆపి మొదలుపెడితే, అది పైకి చూస్తూ కిందికి దిగుతోంది.

నేను రిమోట్ కింద పెట్టేశాను. ఆఫీసులో ఎవరి కోడ్ ఏదో నాకు పేరు చూడకుండానే తెలుస్తుంది. ఒకడు తేదీలు తిప్పి రాస్తాడు, ఒకావిడ ఖాళీ గడిని మర్చిపోతుంది. బాగా పనిచేసే కోడ్ అందరిదీ ఒకేలా ఉంటుంది. తప్పులు మాత్రం ఎవరివి వాళ్ళవే. ఈ రెండు ఆటల్నీ రాసింది ఒకే మనిషి, పెద్దమనిషి మాత్రం ఆ నక్క కంపెనీలో ఏనాడూ పనిచేయలేదు.

ఈ మాటే వెబ్‌సైట్లో రాశాను. దాన్ని నడిపే మోడరేటర్ ఒకడున్నాడు, ఏ దేశమో తెలియదు, మాటతీరు మాత్రం హెడ్మాస్టరుది. ‘బగ్ ఆధారం కాదు. పేరున్న కాగితమో, ఇంటర్వ్యూనో చూపించండి’ అని జవాబిచ్చాడు. పేరు తీసేసినవాళ్ళ దగ్గరికి వెళ్ళి పేరున్న కాగితం తెమ్మంటాడు! మా ఆయన నా వెనక నిలబడి చదివి నవ్వాడు.

“జపాన్ వాళ్ళకి లేని బాధ నీకెందుకే? ఆ మనిషే ఊరుకుంటే నువ్వు పూనకం తెచ్చుకుంటావేంటి?”

“ఊరుకున్నారో లేదో మీకెలా తెలుసండీ? అడిగారా?”

“నేనా? ఫోన్ లైన్ ఖాళీ చేస్తే అడుగుతా,” అన్నాడు. మాకప్పుడు ఇంటర్నెట్టూ ఫోనూ ఒకటే తీగ మీద నడిచేవి.

ఇంతలో ఆఫీసులో ఒక సంగతి జరిగింది. జనం లైసెన్సులు రెన్యువల్ చేసుకునే కొత్త సిస్టం బయటికి వెళ్ళింది. నెలల తరబడి దాన్ని పరీక్షించింది నేను. ఆ రోజు మార్నింగ్ టీ పెట్టారు. కేకులూ, సాసేజ్ రోల్సూ పరిచి, మా మేనేజరు టీమ్ అందరి పేర్లూ చదివి థాంక్స్ చెప్పాడు. మంచి మనిషే, పేరుపెట్టి పలకరిస్తాడు, వీకెండ్ ఎలా గడిచిందని అడుగుతాడు. చదివిన పేర్లన్నీ పర్మనెంట్ స్టాఫ్‌వి. కాంట్రాక్టు వాళ్ళం పేపర్ ప్లేట్లు పట్టుకుని చప్పట్లు కొట్టాం. నేను కూడా గట్టిగానే కొట్టాను.

తర్వాత కొద్ది రోజులకే సిస్టం కొంతమంది కాగితాల్ని వాళ్ళ పాత అడ్రసులకి పంపించడం మొదలుపెట్టింది. ఇలా జరుగుతుందని నేను ముందే రాశాను, తర్వాత చూద్దాంలే అని పక్కన పెట్టారు. ఆ ఉదయం పై అధికారులందరికీ మెయిలొచ్చింది. ‘ఈ భాగాన్ని పరీక్షించినవారు’ అని నా పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. ఆ ఆఫీసులో నా పేరు స్పెల్లింగ్ తప్పు లేకుండా ఎవరైనా రాయడం అదే మొదటిసారి.

మొదట కోపమొచ్చింది. మేనేజరుకి నా పాత రిపోర్టు పంపించి, దాన్ని పక్కన పెట్టిందెవరో చూడమని చెప్పాను. ఆయన సారీ చెప్పాడు. బస్సెక్కి ఇంటికొస్తుంటే ఆ కోపంలోంచే ఒక ఆలోచన వచ్చింది. ఇన్నాళ్ళూ మేమంతా ఆ పెద్దమనుషుల్ని తప్పు ప్రశ్న అడుగుతున్నాం. ఇంత గొప్ప ఆట ఎవరు చేశారని అడిగితే నేనే అంటారు, ఎందుకనరు? పాడు చేసిందెవరని అడగాలి. అప్పుడు పనిచేసినవాళ్ళ పేరు వాళ్ళే వెతికి మరీ ఇస్తారు.

పెద్దమనిషికి సొంత హోమ్‌పేజీ ఉంది. వచ్చిపోయేవాళ్ళు పలకరింపులు రాసే బోర్డు కూడా ఉంది. అంతా జపనీస్. మా కింది ఫ్లాట్‌లో ఒక జపాన్ ఆవిడ ఉండేది. కివీ, అంటే ఈ దేశపు ఆయన్ని పెళ్ళిచేసుకుని ఎప్పుడో వచ్చేసింది. మొదటిరోజే నేను అలవాటు కొద్దీ ఆంటీ అన్నాను. ఒక్క క్షణం మొహం ముడుచుకుంది, తర్వాత నవ్వేసి ఆ పిలుపు ఉంచేసుకుంది. వీడియో గేములంటే ఆవిడకి ఏమీ తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. సంగతంతా చెప్పాను. మేం మాట్లాడుకునేది ఇంగ్లీషులోనే.

“ఆ కాలంలో అంతేనమ్మా. పేరు అడిగేవాళ్ళు కాదు,” అంది ఆంటీ. “తవ్వి ఏం చేస్తావు?”

“పేజీలో తప్పు పేరుంది ఆంటీ. అది దిద్దాలి.”

నేను రాసుకొచ్చిన ప్రశ్న చూపించాను. పడవ వెనక్కి తిరిగే తప్పు మీదేనా, అవునా కాదా? ఆంటీ కళ్ళజోడు పైనుంచి నన్ను చూసింది.

“ఇలా అడిగితే తలుపేసుకుంటాడు. నువ్వు టీ పెట్టు. నేను రాస్తాను.”

నేను టీ పెట్టి వచ్చేసరికి తెర నిండా రాసింది. ముందు వాతావరణం, తర్వాత క్షమాపణ, తర్వాత ఆయన గొప్పతనం, మళ్ళీ క్షమాపణ. చిట్టచివర ఒక్క వాక్యం. ‘మీ అంతటివారి చేతిలో పడవ వెనక్కి తిరిగే ఈ చిన్న పొరపాటు ఎలా దొర్లిందా అని దూరదేశంలో ఉన్న ఈ అభిమాని ఆశ్చర్యపోతోంది.’ ఆ వాక్యం నాకు వివరించి చెబుతున్నప్పుడు ఆంటీ మొహంలో కొంటెతనం చూశాను. కింద తన మెయిల్ అడ్రసు ఇచ్చింది.

ఆయన మర్నాడే జవాబు రాశాడు. బోర్డు మీదే, అందరికీ కనబడేలా. ‘అలాంటి చేతకాని పొరపాటు నేను చెయ్యను. ఆ ఆటకి ఆలోచన నాది, బొమ్మలు నేను చూసుకున్నాను. ప్రోగ్రామంతా అప్పుడే చేరిన ఒక అమ్మాయి రాసింది. ఆట బయటికి రాకముందే పెళ్ళని మానేసింది. పేరు గుర్తు లేదు.’

ఆంటీ అది చదివి వినిపిస్తుంటే పగలబడి నవ్వాను. మెట్లెక్కి మా ఇంటికొచ్చేసరికి నవ్వు పోయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పత్రికలవాళ్ళ ముందు ‘నా పడవ’, చిన్న మచ్చ కనబడేసరికి ‘ఒక అమ్మాయి’. దొంగతనం చేసినవాడు కూడా ఎత్తుకెళ్ళిన సామానుని చూసి ఇంత ఈసడించుకోడు.

స్క్రీన్‌షాట్ తియ్యకుండా ఏ టెస్టరూ నోరు విప్పడు. నేను ముందే తీసి పెట్టుకున్నాను. మంచిపనైంది, రెండోరోజుకల్లా ఆ జవాబు బోర్డు మీద లేదు. స్క్రీన్‌షాట్ వెబ్‌సైట్లో పెట్టి, ‘ఇదిగో మీరడిగిన ఇంటర్వ్యూ’ అని మోడరేటర్‌కి రాశాను. చాలా వాదించాడు. చివరికి ప్రోగ్రామర్ అన్నచోట పెద్దమనిషి పేరు తీసేసి, ‘పేరు తెలియని మహిళ’ అని రాశాడు. ఆలోచన అన్నచోట ఆయన పేరు అలాగే ఉంచారు. ఆలోచన ఆయనదే అయితే ఆయన దగ్గరే ఉండనీ, దానికి నాకేం ఏడుపు లేదు.

మోడరేటర్ దృష్టిలో అక్కడితో పని అయిపోయింది. నా దృష్టిలో అప్పుడే మొదలైంది. పేరు తెలియని మహిళ అంటే ఏమిటి? కప్ప అనీ ముల్లంగి అనీ రాసినా కాస్త నయం. రోజూ ఆ పేజీ తెరిచి తిట్టుకునేదాన్ని. మా ఆయన ఓపిక నశించి ఒకరోజు అననే అన్నాడు.

“ఎక్కడో జపాన్‌లో ఆవిడ పేరు కోసం కొట్టుకు చస్తున్నావు. నీ ఆఫీసులో నీ పేరు చదవలేదని నోరెత్తావా?”

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. మర్నాడు మేనేజరు దగ్గరికి వెళ్ళాను. తప్పు జరిగినప్పుడు మెయిల్లో రాసిన పేరు థాంక్స్ చెప్పేటప్పుడు కూడా రాయండి, కాంట్రాక్టు వాళ్ళందరివీ రాయండి, లేకపోతే రెండుచోట్లా మానేయండి అన్నాను. ఆయన మొహం ఎర్రబడింది. “ఫెయిర్ ఇనఫ్,” అన్నాడు. ఆ తర్వాత మార్నింగ్ టీలో మా పేర్లు కూడా చదివాడు, నాది వంకర టింకరగా పలికాడు, అక్కడే దిద్దాను.

చలికాలం గడుస్తుండగా ఒక ఆదివారం మధ్యాహ్నం ఆంటీ మా తలుపు కొట్టింది. ఎప్పుడూ ఫోన్ చేసి గాని రాదు. చెప్పులు విడుస్తూనే, “ఆవిడ రాసింది,” అంది.

పెద్దమనిషి బోర్డుని పాత కంపెనీవాళ్ళు చదువుతారట. ఆయన ఆ జవాబు తీసేయకముందే ఒకాయన చూసి, ఆమెని వెతికి చెప్పాడు. ఆమె ఆంటీకి మెయిల్ రాసింది. మా కంప్యూటర్లోనే తెరిచి ఆంటీ ఒక్కో వాక్యం ఇంగ్లీషులోకి మార్చింది. మొదటి వాక్యం ఇది: ‘నా అజాగ్రత్త వల్ల మీ ఆటకి అంతరాయం కలిగినందుకు క్షమించండి.’

నేను ఏడ్చేశాను. ఇన్నేళ్ళ తర్వాత ఆ ఆట గురించి ఆమెని ఎవరో ఒకరు అడిగితే, మొదట ఆమెకి చెప్పాలనిపించింది క్షమాపణ. మా ఆయన టీవీ ఆపేసి వచ్చి పక్కన కూర్చున్నాడు.

తర్వాత ఆమె ఆ తప్పు ఎలా జరిగిందో రాసింది. ఆ మెషీనులో చోటు చాలా తక్కువ. పడవ దిక్కుని దాచే చోటునే, ఆట ఆగినప్పుడు మోగే సంగీతానికి కూడా వాడుకుంది. సంగీతం అయ్యాక దిక్కుని మళ్ళీ అక్కడ పెట్టడం మర్చిపోయింది. పెళ్ళికని ఆమెని మాన్పించారు. కొన్నాళ్ళకి ఇంకో కంపెనీలో చేరి, అదే కోడ్ తలలో పెట్టుకుపోయి నక్క ఆట రాసింది. తప్పు కూడా వెంట వెళ్ళింది. ఆట ఆపి ఉన్నప్పుడే కింది బటన్ నొక్కి పట్టుకుని మొదలుపెడితే పడవ సరిగ్గానే ముందుకు సాగుతుంది, చూడండి అని కూడా రాసింది. ఆ కిటుకు ఏ వెబ్‌సైట్లోనూ లేదు. మెషీను పెట్టి, బటన్ నొక్కి పట్టుకున్నాను. ముసలాయన బుద్ధిగా ముందుకే చూస్తూ సాగిపోయాడు. ఆంటీ చప్పట్లు కొట్టింది.

పేరు వేయొచ్చా అని అడిగాం. పెళ్ళికి ముందున్న పేరు వేయమంది. నేను కిటుకుతో సహా అంతా మోడరేటర్‌కి పంపించాను. పరీక్షించి చూసుకుని, సరే అన్నాడు. పేజీ తెరిస్తే ఆమె పేరుంది. ముందు మాత్రం ‘సహాయ ప్రోగ్రామర్’ అని తగిలించాడు. కొత్తగా చేరిన అమ్మాయి కాబట్టి ఎవరో ఒక పెద్దాయన పక్కనుండి చేయించే ఉంటాడని ఆయనగారి ఊహ. నేను రాసిన జవాబు ఇక్కడ రాస్తే బాగుండదు. ఆంటీ నా చేత సగం తీసేయించింది. ఈ సంగతి ఆమెకి చెప్పాలా వద్దా అని ఇద్దరం తర్జనభర్జన పడ్డాం. చెప్పకపోతే మేం కూడా వాళ్ళలాగే ఆమె వెనకాల నిర్ణయాలు చేసినట్టవుతుందని చెప్పేశాం.

ఈసారి ఆమె జవాబులో క్షమాపణ లేదు. ‘ఆ తప్పు చేసినప్పుడు నాకెవరూ సహాయం చెయ్యలేదు. అది నా ఒక్కదానిదేనని అయ్యగారే రాశారు. మిగతా ప్రోగ్రాం కూడా నా ఒక్కదానిదే. సహాయ అన్న మాట తీసేయండి. లేకపోతే నా పేరే తీసేయండి.’

ఆంటీ ఆ వాక్యాలు రెండోసారి చదివింది. తర్వాత, “మా భాషలో ఇంత సూటిగా ఎవరూ రాయరు,” అంది. ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో టైపు చేసి పంపించాను, ఒక్క మాట కూడా మెత్తబరచలేదు. రెండు రోజులు మోడరేటర్ పలకలేదు. మూడోరోజు పేజీలో ‘ప్రోగ్రామర్’ అని ఉంది, పక్కన ఆమె పేరుంది, ఇంకే తోకా లేదు. ఫ్లాట్‌లో ఒక్కదాన్నే ఉండి గట్టిగా ఆమె పేరు పైకి చదివాను.

అది చూసి ఆమె మళ్ళీ రాసింది. అదే చివరి మెయిల్. ‘మీరు రెండు ఆటలు కనిపెట్టారు. నేను ఇంకా చాలా చేశాను. వాటిల్లో ఆ తప్పు లేదు, ఎందుకంటే నేను నేర్చుకున్నాను. అందుకే వాటిల్లో మీకు నేను దొరకలేదు. ఎంత వెతికినా దొరకను. కాబట్టి నేనే చెబుతున్నాను.’ దాని కింద ఆటల పేర్లు రాసింది. వెబ్‌సైట్లో వాటి బొమ్మలు చూస్తే, అందులో రెండు మా పసుపు క్యాసెట్‌లో ఉండేవే. వాటిల్లో ఒక్క తప్పు కూడా నేనెప్పుడూ పట్టుకోలేకపోయాను.

తప్పుల్ని బట్టి మనుషుల్ని పట్టుకోగలనని ఇన్నాళ్ళూ నాకెంత గర్వమో. తప్పు చేయడం మానేసిన రోజు నుంచి ఆమె నాకూ కనబడకుండా పోయింది. ఆ పేర్లన్నీ ఇంకోసారి చదివాను. తర్వాత ఒక్కో ఆట పేజీ తెరిచి, ప్రోగ్రామర్ అన్నచోట ఆమె పేరు రాసి పంపించాను.

మోడరేటర్ వెంటనే అడిగాడు. ‘వీటికి ఆధారం?’

‘ఆమె చెప్పింది,’ అని రాశాను. మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే రాశాను.